పటం నుంచి పుట దాకా: మాటలు లేని బొమ్మల పుస్తకం

క్రీ. శ. 7వ శతాబ్దంలో బాణభట్టు రచించిన 'హర్షచరితం' ఐదవ ఉచ్ఛ్వాసంలో ఒక అంగడివీధి దృశ్యం ఉంది. తండ్రి ప్రభాకరవర్ధనుడు తీవ్రమైన జ్వరంతో ఉన్నాడన్న వార్త విని హర్షుడు హుటాహుటిన స్థాణ్వీశ్వరానికి తిరిగివస్తాడు. నగరంలో ప్రవేశించగానే అతనికి ఒక యమపట్టికుడు కనిపిస్తాడు. ఎడమచేత నిలబెట్టి పట్టుకొన్న పటం మీద భీకరమైన దున్నపోతు నెక్కిన యముడి చిత్రం ఉంది. మరొక చేతిలోని రెల్లుపుల్లతో ఒక్కొక్క బొమ్మనూ చూపుతూ అతడు పరలోక వృత్తాంతాన్ని వినిపిస్తున్నాడు. కుతూహలంతో అతని చుట్టూ మూగినవారు పిల్లలు.

కవికి ఈ దృశ్యం రాబోయే మరణానికి సూచన. చిత్రకథల చరిత్రకు మాత్రం ఇది అమూల్యమైన సాక్ష్యం. ఇందులో మూడు అంగాలున్నాయి: బొమ్మ, బొమ్మకు మాట ఇచ్చే కథకుడు, నోరు తెరిచి వినే పిల్లలు. 20వ శతాబ్దంలో రూపుదిద్దుకొన్న మాటలు లేని బొమ్మల పుస్తకం ఈ మూడింటి పొందికను మార్చివేసింది. బొమ్మ ఉంది, పిల్లవాడు ఉన్నాడు, రెల్లుపుల్ల పట్టుకొనే చోటు మాత్రం ఖాళీ అయింది. ఆ చోటు ఎవరిదన్నదే ఈ పుస్తక చరిత్రలో అసలు ప్రశ్న. పలు భాషల దేశమైన భారతదేశంలో ఈ ప్రశ్నకు మరింత ప్రాముఖ్యం ఉంది.

శిలల మీది కథలు

అక్షరం తోడు లేకుండా వరుస బొమ్మలతో కథ నడపడం ఈ దేశానికి కొత్త కాదు. క్రీ. పూ. 2వ శతాబ్దానికి చెందిన భర్హుత్ స్తూప ప్రాకారం మీద జాతక కథల శిల్పాలున్నాయి. చాలా శిల్పాల పక్కన ఆ కథ పేరును బ్రాహ్మీ లిపిలో చెక్కారు. సుమారు ఒక శతాబ్దం తర్వాత వెలసిన సాంచీ తోరణాల మీద అటువంటి పేర్లు కనిపించవు. అక్కడి శాసనాలు దానం చేసినవారి పేర్లు చెబుతాయే గాని కథల పేర్లు చెప్పవు. ఉత్తర తోరణపు కింది అడ్డదూలం మీద వెస్సంతర జాతకం నిడివిగా సాగుతుంది. రాజకుమారుడు ఏనుగును దానమిస్తాడు, రథమెక్కి నగరం విడుస్తాడు, గుర్రాలనూ రథాన్నీ ఇచ్చివేసి బిడ్డలతో కాలినడకన అడవికి పోతాడు, చివరికి ఆ బిడ్డలనే దానం చేస్తాడు. ఒకే మనిషి ఒకే దూలం మీద మళ్లీ మళ్లీ కనిపించడమే కాలం గడిచిందనడానికి గుర్తు.

అమరావతి శిల్పి ఈ విద్యను మరింత పొదుపుగా వాడుకొన్నాడు. ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న ఒక గుండ్రని ఫలకం మీద నలగిరి అనే మదపుటేనుగు కథ ఉంది. ఎడమవైపు ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుకొంటూ వస్తుంది. కుడివైపు అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు మోకరిల్లుతుంది. పై అంతస్తుల గవాక్షాల నుంచి స్త్రీలు తొంగి చూస్తుంటారు. ఒక చట్రంలో రెండు క్షణాలు ఇమిడాయి. మొదటి ఏనుగుకూ రెండవ ఏనుగుకూ మధ్య ఏమి జరిగిందో శిల్పి చెక్కలేదు. దానిని పూరించవలసినది చూపరి మనసు. మాటలు లేని బొమ్మల పుస్తకం ఒక పుటకూ మరొక పుటకూ నడుమ చేసే పని కూడా ఇదే.

పటం పట్టినవారు

శిలను ఊరూరా మోసుకుపోలేరు. గుడ్డను చుట్టి భుజాన వేసుకోవచ్చు. అందుకే పటం మీది కథ దేశమంతటా తిరిగింది. విశాఖదత్తుని 'ముద్రారాక్షసం' మొదటి అంకంలో చాణక్యుని చారుడు యమపటం పట్టుకొని ఇంటింటికీ తిరుగుతాడు. ఎవరి గడపలోకైనా అనుమానం రాకుండా అడుగుపెట్టగల వేషం అది. పటకథకులు జనానికి ఎంత సుపరిచితులో దీనిని బట్టి ఊహించవచ్చు.

బెంగాల్‌లో పటువాలు నిలువు పటాన్ని ఒక్కొక్క గడిగా విప్పుతూ పాడతారు. చిత్రకర్ అనే ఇంటిపేరు గల ఈ కుటుంబాలలో చాలామంది ఇస్లాం మతస్థులు. అయినా వారు హిందూ పురాణగాథలను కూడా గీస్తారు, పాడతారు. మహారాష్ట్రలోని పింగుళీలో చిత్రకథీలు విడివిడి కాగితాల మీది బొమ్మలను ఒకదాని వెనుక ఒకటిగా చూపుతారు. రాజస్థాన్‌లో భోపాలు పాబూజీ గాథను చిత్రించిన పొడవైన ఫడ్‌ను రాత్రివేళ కట్టి, రావణహత్థా వాయిస్తూ కథ చెబుతారు. భోపా పాడే సన్నివేశం మీదికి భోపీ దీపం పట్టుకొంటుంది.

తెలంగాణలో ఈ సంప్రదాయానికి చేర్యాల ప్రసిద్ధి. నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి గట్టిపరచి, ఎర్రని నేల మీద అడ్డు గడులుగా కథను గీస్తారు. కూనపులివారు పద్మశాలీలకు, కాకిపడగలవారు ముదిరాజులకు, డక్కలివారు మాదిగలకు, మందహెచ్చులవారు గొల్లలకు ఆయా కులపురాణాలను ఈ పటాల సాయంతో కొన్ని రాత్రుల పాటు వినిపించేవారు. గీసినవారు ఒకరు, చెప్పేవారు మరొకరు, కథ మీద హక్కు ఉన్న కులం ఇంకొకటి.

ఈ సంప్రదాయాలన్నిటిలోనూ సమానమైన అంశం ఒకటి ఉంది. కథకు ప్రాణం పోసేది కథకుడి గొంతు. పటం ఒక్కటే దొరికినవాడికి అది పూర్తిగా బోధపడదు. ఉదాహరణకు పాబూజీ ఫడ్‌లో బొమ్మలు కథాక్రమంలో ఉండవు. అవి చోటును బట్టి, అంటే ఏ ఘట్టం ఏ ఊళ్లో జరిగిందన్న దానిని బట్టి అమర్చి ఉంటాయి. ఆ క్రమం భోపాకు తెలుసు, చూసేవారికి తెలియనక్కరలేదు. ఈ ఏర్పాటులో పిల్లలు ఎప్పుడూ శ్రోతలే. కథ చెప్పే అధికారం వంశపారంపర్యంగా వేరొకరి చేతిలో ఉండేది.

అచ్చు పుటలో బొమ్మ

అచ్చు యంత్రం వచ్చాక ఆ అధికారం అక్షరానికి దక్కింది. పిల్లల సచిత్ర పుస్తకాలకు ఆద్యమని చెప్పదగిన కొమేనియస్ గ్రంథం 1658లో నూరెంబర్గ్‌లో వెలువడింది. అందులోని ప్రతి బొమ్మకూ లాటిన్, జర్మన్ భాషలలో వివరణ ఉంది. బొమ్మలోని వస్తువులకు అంకెలు వేసి, ఆ అంకెలతో మాటలను ముడిపెట్టారు. బొమ్మ మాటను నేర్పే సాధనమైంది.

మన దేశంలోనూ పిల్లల పుస్తకం ప్రధానంగా అక్షరం నేర్పే పుస్తకంగానే మొదలైంది. బెంగాలీలో ఈశ్వరచంద్ర విద్యాసాగరుని 'వర్ణపరిచయం' 1855లో వచ్చింది. తెలుగునాట 'పెద్దబాలశిక్ష' తరతరాలకు తొలి పుస్తకమైంది. రవీంద్రనాథ్ ఠాకూర్ 'సహజ పాఠ్' 1930లో నందలాల్ బోస్ చిత్రాలతో వెలువడినప్పుడు బొమ్మకు పాఠంతో సమానమైన గౌరవం దక్కింది. 1947లో మద్రాసు నుంచి తెలుగు, తమిళ భాషలలో ప్రారంభమైన 'చందమామ' ఇంటింటా పిల్లలకు బొమ్మలు చూసే అలవాటు చేసింది. అక్షరాలు రాని పిల్లలు ఆ బొమ్మలను చూసి కథ ఊహించుకొనేవారు, పెద్దలు చదివి వినిపిస్తే తమ ఊహను సరిచూసుకొనేవారు. అంటే మాటలు లేని చదువు అప్పటికే ఇళ్లలో ఉంది. దానికంటూ ఒక పుస్తకమే లేదు.

మాట తప్పుకొన్న వేళ

1932లో అమెరికాలో రూత్ కరోల్ ఒక కుక్కపిల్ల సాహసాన్ని బొమ్మలతో మాత్రమే చెప్పింది. పిల్లల కోసం వచ్చిన మాటలు లేని తొలి పుస్తకాలలో దీనిని లెక్కిస్తారు. అయితే ఈ ప్రక్రియ నిలదొక్కుకొన్నది 1960ల చివరిలోనే. 1967లో ఇటలీలో ఏలా మారి గీసిన 'ఎర్ర బుడగ'లో పిల్లవాడు ఊదిన బుడగ ఆపిల్ పండై, సీతాకోకచిలుకై, పువ్వై, చివరకు గొడుగవుతుంది. అదే ఏడు అమెరికాలో మెర్సర్ మేయర్ ఒక పిల్లవాడు, ఒక కుక్క, ఒక కప్పల కథను అక్షరం లేకుండా నడిపాడు. 1971లో బ్రిటన్‌కు చెందిన పాట్ హచిన్స్ పుస్తకంలో రెండు కొయ్యబొమ్మలు చెక్కముక్కలతో ఇల్లు కడతాయి. ఇంటికి నిప్పంటుకొంటే అవే ముక్కలతో అగ్నిమాపక శకటం చేస్తాయి. నీరు ఎక్కువై వరదైతే అవే ముక్కలు పడవ అవుతాయి. చివరికి మళ్లీ ఇల్లవుతాయి.

జపాన్‌లో బడిపంతులుగా పనిచేసి చిత్రకారుడైన మిత్సుమాసా అన్నో 1977లో గీసిన ప్రయాణపు పుస్తకంలో గుర్రం మీద ఒక బాటసారి ఐరోపా పల్లెలు, పట్టణాలు దాటిపోతుంటాడు. ప్రతి పుటలోనూ పదుల కొద్దీ చిన్న చిన్న సంఘటనలుంటాయి. ఏ సంఘటన వెంట నడవాలో చూసేవారే నిర్ణయించుకోవాలి. 1984లో అన్నోకు బాలసాహిత్యంలో అత్యున్నతమైన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం లభించింది. 1978లో బ్రిటన్‌లో వచ్చిన రేమండ్ బ్రిగ్స్ 'మంచుమనిషి'లో ఒక రాత్రి స్నేహం తెల్లవారేసరికి కరిగిపోతుంది. ఆ దుఃఖాన్ని పుస్తకం మాటల్లో చెప్పదు, ఓదార్చదు. కరిగిన మంచు ముందు నిలబడ్డ పిల్లవాడిని మాత్రం చూపుతుంది.

ఈ వికాసానికి కళాకారుల ప్రతిభతో పాటు ఆర్థిక కారణాలూ ఉన్నాయి. ఆఫ్‌సెట్ ముద్రణ వల్ల రంగుల బొమ్మలు పెద్ద సంఖ్యలో అచ్చువేయడం సులువైంది. రంగుల ముద్రణ ఖర్చును పలు దేశాల ప్రచురణకర్తలు కలసి పంచుకోవడం పెరిగింది. మాటలు లేని పుస్తకానికి అనువాదం అక్కరలేదు. అట్ట మీది పేరు మారిస్తే చాలు, అదే పుస్తకం మరొక దేశంలో అమ్ముడుపోతుంది.

నలుపు ప్లేటు మర్మం

భారతదేశంలో బాలసాహిత్య ప్రచురణకు సంస్థాగతమైన పునాది 1957లో పడింది. ఆ ఏడు కార్టూనిస్టు శంకర్ చిల్డ్రన్స్ బుక్ ట్రస్టును నెలకొల్పాడు. జవాహర్‌లాల్ నెహ్రూ చొరవతో నేషనల్ బుక్ ట్రస్టు ఏర్పడినదీ ఆ సంవత్సరమే. తరువాతి కాలంలో నేషనల్ బుక్ ట్రస్టు 'నెహ్రూ బాల పుస్తకాలయం' పేరుతో ఒకే పుస్తకాన్ని పలు భారతీయ భాషల్లో తెచ్చింది. ఇటువంటి ప్రచురణలో బొమ్మలు అన్ని భాషలకూ ఒకటే. రంగుల ప్లేట్లు అలాగే ఉంచి, అక్షరాలున్న నలుపు ప్లేటును మాత్రం భాష భాషకూ మారుస్తారు. యునెస్కో కోసం టోక్యోలో పనిచేసిన ఆసియా సాంస్కృతిక కేంద్రం 1973లో మొదలుపెట్టిన ఆసియా ఉమ్మడి ప్రచురణ పథకం కూడా ఈ సూత్రం మీదనే నడిచింది.

బహుభాషా ప్రచురణలో నిలిచేది బొమ్మ, మారేది మాట అన్న సంగతి నలుపు ప్లేటులోనే దాగి ఉంది. ఆ ప్లేటును ఖాళీగా వదిలిపెడితే ఒకే పుస్తకం అన్ని భాషలదీ అవుతుంది. ఇంత అనువైన నేల అయినప్పటికీ ఇక్కడ మాటలు లేని పుస్తకం నెమ్మదిగానే వేళ్లూనింది. దీనికి కారణం పెద్దల దృష్టిలో ఉంది. పుస్తకమంటే చదివేది, చదవడమంటే అక్షరాలు. అక్షరం లేని పుస్తకానికి డబ్బు పెట్టడం ఎందుకన్నది కొనేవారి సందేహం. దీనితో పాఠం ఎలా చెప్పాలి, పరీక్ష ఎలా పెట్టాలి అన్నది బడి సందేహం. 1951 జనగణన నాటికి దేశంలో అక్షరాస్యత 18.33 శాతం మాత్రమే. అక్షరం కోసం అంతగా తపించిన తరానికి అక్షరం లేని పుస్తకం విలాసంగా కనిపించడం సహజమే.

1990ల నుంచి పరిస్థితి మారసాగింది. చెన్నైలో తారా బుక్స్, తులికా వంటి ప్రచురణ సంస్థలు బొమ్మను కథకు సమానంగా నిలిపే పుస్తకాలు తెచ్చాయి. బెంగాల్ పటువాలైన జయదేవ్, మొయినా చిత్రకర్‌ల సునామీ పటం 2009లో మడతలు విప్పి చూసే పుస్తకమై, వీధిలోని పటం నేరుగా పుటలోకి వచ్చింది. అయితే పటువా పాట కూడా దానితో అక్షరరూపంలో వచ్చింది. 2004లో స్థాపితమైన ప్రథమ్ బుక్స్ 2015లో 'స్టోరీవీవర్' అనే వేదికను ప్రారంభించి బొమ్మల కథలను ఉచితంగా అందుబాటులో ఉంచింది. అందులో మాటలు లేని కథలూ ఉన్నాయి.

ఇంటి భాష, బడి భాష

మాటలు లేని పుస్తకం విలువ పూర్తిగా తెలిసేది తన ఇంటి భాషలో ఒక్క పుస్తకమూ చూడని పిల్లల దగ్గర. 2011 జనగణన ప్రకారం పదివేల మందికి మించి మాట్లాడేవారున్న భాషలు దేశంలో 121 ఉన్నాయి. రాజ్యాంగంలోని ఎనిమిదవ షెడ్యూలులో చోటు పొందినవి 22 మాత్రమే. మిగిలిన 99 భాషలలో చాలావాటికి పిల్లల పుస్తకాలు స్వల్పం. ఆ భాషల ఇళ్ల నుంచి బడికి వచ్చే పిల్లలకు మొదటి రోజు వినిపించేది పరాయి మాట. బడిలో వారు మౌనంగా ఉంటారు. ఆ మౌనాన్ని తెలివి తక్కువతనంగా లెక్కగట్టడం కద్దు. చాలామంది చదువు అక్కడే ఆగిపోతుంది.

ఈ సమస్యను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుర్తించి 2004లో ఎనిమిది భాషలలో మాతృభాషాధారిత విద్యను ప్రయోగాత్మకంగా చేపట్టింది. గోండి, కొలామి, కోయ, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా పిల్లల కోసం తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. తరువాత ఒడిశా కూడా ఈ మార్గంలో నడిచింది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, 2020 నాటి జాతీయ విద్యావిధానం ఇంటి భాషలో తొలి చదువు అవసరాన్ని నొక్కి చెప్పాయి.

వాచకం తయారుకావడానికి రచయిత, లిపి, ముద్రణ, పంపిణీ అన్నీ కావాలి. మాటలు లేని పుస్తకం ఈ దూరాన్ని ఒక్క అంగలో దాటగలదు. కొలామి ఇంటి బిడ్డ దానిని కొలామిలో చెబుతుంది, పక్కన కూర్చున్న బంజారా పిల్లవాడు తన భాషలో చెబుతాడు. చెప్పిన వాక్యాన్ని ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద రాస్తే, పిల్లవాడి నోటి మాటే అతని తొలి పాఠమవుతుంది. ఆ భాష రాని ఉపాధ్యాయుడు పిల్లలను అడిగి తెలుసుకోవలసివస్తుంది. తరగతి గదిలో అతడు శ్రోతగా కూర్చొనే అరుదైన సందర్భం అది. వినికిడి లేని పిల్లలు ఇదే పుస్తకాన్ని చేతి సంజ్ఞలతో చెప్పగలరు. చదువు రాని తల్లి బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొని, సంకోచం లేకుండా ఈ పుస్తకాన్ని చేతిలోకి తీసుకోగలదు.

ఇటలీకి చెందిన లాంపెడూసా ద్వీపంలో ఈ సత్యం మరొక రూపంలో రుజువైంది. సముద్రం దాటి వలసవచ్చే పిల్లలు, ద్వీపవాసుల పిల్లలు కలసి చూడడానికని అంతర్జాతీయ బాల పుస్తక మండలి 2012లో దేశదేశాల నుంచి మాటలు లేని పుస్తకాలను సేకరించింది. ఇరవైకి పైగా దేశాల నుంచి వందకు మించిన పుస్తకాలు చేరాయి. ఏ భాషా రాయని పుస్తకం ఏ భాషవారినీ బయట నిలబెట్టదన్న నమ్మకమే ఆ సేకరణకు ఆధారం.

బొమ్మ అందరికీ ఒకటేనా

అయితే బొమ్మ విశ్వభాష అని, ఎవరికైనా ఇట్టే బోధపడుతుందని భావించడం పొరపాటు. 1976లో నేపాల్ గ్రామాలలో యునిసెఫ్ సహకారంతో ఒక అధ్యయనం జరిగింది. వరుసగా ఉంచిన బొమ్మలను గ్రామస్థులు ఎడమ నుంచి కుడికి చూస్తారని గాని, వాటిని కలిపి ఒకే కథగా గ్రహిస్తారని గాని అనుకోలేమని అందులో వెల్లడైంది. అచ్చు పుస్తకాలు ఎరిగినవారికి సహజమనిపించే వరుస నిజానికి నేర్చుకొన్న అలవాటు.

లిపి లేని పుస్తకానికీ ఒక దిశ ఉంటుంది. ఎడమవైపు కుట్టిన పుస్తకంలో బొమ్మలోని పరుగు కుడివైపుకు సాగుతుంది. ఉర్దూ చదివే పిల్లలకు పుస్తకం మరొక వైపు నుంచి తెరుచుకొంటుంది. ఒకే నగరంలో తెలుగు, ఉర్దూ రెండూ చదివే పిల్లలున్న హైదరాబాదు వంటి చోట మాటలు లేని పుస్తకం కూడా ఏ వైపు కుట్టాలన్న నిర్ణయంతోనే ఏదో ఒక లిపి పక్షం వహిస్తుంది. అలాగే మంచు చూడని పిల్లవాడికి మంచుమనిషి కరగడంలోని బాధను ఎవరో ఒకరు దగ్గర కూర్చుని విప్పిచెప్పవలసి ఉంటుంది. కనుక ఈ పుస్తకాలను పెద్దల తోడు లేకుండా పిల్లల ముందు పడవేస్తే చాలునన్న ఆలోచన సరికాదు. ఇప్పపూలు ఏరే అడవి, వారపు సంత, బడి దారిలోని వాగు గీసిన పుస్తకాలు ఇక్కడి చిత్రకారుల చేతి నుంచి రావాలి. పటం గీసే చేతులు చేర్యాలలోనూ, బెంగాల్ పల్లెల్లోనూ ఇంకా ఉన్నాయి.

స్థాణ్వీశ్వరపు అంగడివీధిలో పిల్లలు విన్న కథ యమపట్టికుడిది. వారు ఆ బొమ్మలలో ఏమి చూశారో, ఇంటికి పోయి ఏమి చెప్పుకొన్నారో ఏ కవీ రాయలేదు. మాటలు లేని పుస్తకం అడిగేది ఆ రెండవ కథను. బొమ్మ మీద వేలు పెట్టి తన భాషలో మొదటి వాక్యం పలికిన పిల్లవాడి చేతికి రెల్లుపుల్ల వచ్చినట్లే. ఆ వాక్యాన్ని వినడానికి ఒక పెద్ద మనిషి ఎదుట కూర్చొని ఉండాలి.